మూడు గుత్తులు, ఒకటే తలుపు

ఈ నెల ‘మీ కంప్యూటర్ సందేహాలు’ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పాస్‌వర్డ్‌ల గోడే. చదువుతుంటే మా అత్తగారు గుర్తొచ్చారు. ఆవిడ బొడ్డున దోపుకున్న గుత్తిలో పదిహేడు తాళంచెవులుండేవి. అందులో ఆరింటికి ఇంట్లో తాళాలే లేవు. ఏది దేనిదని అడిగితే, “నాకు తెలుసులే” అనేవారు. ఆవిడకు నిజంగానే తెలుసు. మన ఫోన్లకూ కంప్యూటర్లకూ ఆ తెలివి లేకపోవడంతోనే చిక్కంతా.

ప్రశ్న: మేడమ్ గారూ, నా ఫోను పాస్‌వర్డ్‌లను గూగుల్‌లో దాచింది. ఇంట్లో విండోస్ కంప్యూటర్ ఎడ్జ్ బ్రౌజర్‌లో దాచింది. మా అబ్బాయి ఇచ్చిన ఐప్యాడ్ మరో చోట దాచింది. గ్యాస్ బుకింగ్‌కు మూడింటిలో మూడు రకాల పాస్‌వర్డ్‌లు కనిపిస్తున్నాయి. ఏది అసలుదో ఎలా తెలుస్తుంది? అన్నిటికీ కలిపి ఒక యాప్ ఉంటుందట కదా?
— విశ్రాంత ఉపాధ్యాయిని, కాకినాడ

జవాబు: అమ్మా, మీరు యాప్ పెట్టుకోలేదనుకుంటున్నారు కానీ ఇప్పటికే మూడు పెట్టుకున్నారు. “పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా?” అని అడిగినప్పుడల్లా “సరే” అన్నందుకు మూడు గుత్తులు తయారయ్యాయి. ఒకచోట మార్చిన సంగతి మిగతా రెండింటికీ తెలియదు. మూడింటిలో అసలుది ఏదో కనిపెట్టే మంత్రం లేదు. గ్యాస్ సైట్లో ఒక్కొక్కటే వేసి చూడండి, కానీ రెండు తప్పితే ఆగిపోండి. మూడో తప్పుకు ఖాతా మూసేసే సైట్లు చాలా ఉన్నాయి. “పాస్‌వర్డ్ మరిచిపోయాను” నొక్కి కొత్తది పెట్టుకోవడమే తక్కువ పని.

ఇక యాప్ మాట. పాస్‌వర్డ్‌లన్నిటినీ ఒకే పెట్టెలో దాచిపెట్టే ఇలాంటి యాప్‌ను పాస్‌వర్డ్ మేనేజర్ అంటారు, ఆ పెట్టెను తెరిచే ఒక్క పాస్‌వర్డ్‌ను మాస్టర్ పాస్‌వర్డ్ అంటారు. మీ దగ్గర ఆండ్రాయిడ్, విండోస్, ఐప్యాడ్ మూడూ ఉన్నాయి కాబట్టి మూడింటిలోనూ నడిచేదే ఎంచుకోవాలి. యాపిల్ వారి పాస్‌వర్డ్స్ యాప్ బాగానే ఉంటుంది కానీ ఆండ్రాయిడ్‌కు రాదు. అది మీకు పనికిరాదు. ఫోనులోనూ కంప్యూటర్‌లోనూ ఒకే జీమెయిల్‌తో క్రోమ్ వాడేవారికి గూగుల్ ఇచ్చేదే చాలు, వేరే యాప్ దేనికని నేనే చెబుతుంటాను. మీరు ఎడ్జ్ వదలనని ఉత్తరం చివర రాశారు కాబట్టి బిట్‌వార్డెన్ పెట్టుకోండి. ఉచిత ఖాతాలోనే ఎన్ని పరికరాల్లోనైనా వాడుకోవచ్చు. ఈ విషయం ముందే చూసుకోవాలి. లాస్ట్‌పాస్ అనే యాప్ 2021 మార్చిలో, ఉచితంగా వాడేవారు ఫోన్లయినా కంప్యూటర్లయినా ఏదో ఒక రకంలోనే వాడుకోవాలని షరతు పెట్టింది. రెండింటిలోనూ వాడుతున్నవారు ఇరుకున పడ్డారు.

మార్పిడి పని కంప్యూటర్ ముందు కూర్చుని, తొందర లేని ఒక మధ్యాహ్నం చేయండి. గూగుల్, ఎడ్జ్ రెండూ తమ దగ్గరున్న పాస్‌వర్డ్‌లన్నిటినీ ఒక సీఎస్‌వీ ఫైలుగా, అంటే మామూలు అక్షరాల పట్టికగా ఇస్తాయి. దాన్ని బిట్‌వార్డెన్ వెబ్‌సైట్లో ‘ఇంపోర్ట్’ అన్నచోట ఇస్తే అన్నీ లోపలికి వస్తాయి. నిజానికి కావలసిన దానికన్నా ఎక్కువే వస్తాయి, ఎందుకంటే ఒకే సైటుకు రెండు మూడు పాస్‌వర్డ్‌లుంటే అది ఏరివేయదు, అన్నిటినీ పేర్చి పెడుతుంది. ఆ ఏరివేత మీదే. బియ్యంలో రాళ్లు ఏరినట్టు రోజుకు పది చొప్పున చూసుకోండి. ఆ సీఎస్‌వీ ఫైలు మాత్రం అదే రోజు చెరిపేయాలి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా. అందులో మీ పాస్‌వర్డ్‌లన్నీ తెరిచిన పుస్తకంలా ఉంటాయి.

తర్వాతి పని చాలామంది చేయరు. ఎడ్జ్‌లోనూ క్రోమ్‌లోనూ ఐప్యాడ్‌లోనూ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, పాస్‌వర్డ్ దాచమంటారా అని అడగడాన్ని ఆపేయండి. ఆండ్రాయిడ్ ఫోనులో ‘ఆటోఫిల్’ (పాస్‌వర్డ్‌ను తనంతట తానే నింపే) సేవగా బిట్‌వార్డెన్‌ను ఎంచుకోండి, ఐప్యాడ్‌లో కూడా అంతే. ఇది చేయకపోతే మూడు గుత్తులు నాలుగవుతాయి తప్ప ఒకటి కావు. పాత చోట్ల ఉన్నవాటిని ఒక నెల అలాగే ఉంచి, అన్నీ పనిచేస్తున్నాయని నమ్మకం కుదిరాక చెరిపేయండి.

ప్రశ్న: రెండేళ్లుగా పాస్‌వర్డ్ మేనేజర్ వాడుతున్నాను. బ్యాంకు సైటులో తనంతట తానే నింపేది. ఇప్పుడు అదే బ్యాంకు పేజీ తెరిస్తే కదలడం లేదు. యాప్ చెడిపోయిందా? కాపీ చేసి అతికించవచ్చా?
— బట్టల వ్యాపారి, నిజామాబాద్

జవాబు: బాబూ, అతికించే ముందు పైనున్న చిరునామా చదవండి. చివర ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ అని ఉందా? మన బ్యాంకులన్నీ ఆ చిరునామాకు మారాలని రిజర్వ్ బ్యాంకు 2025 ఏప్రిల్‌లో ఉత్తర్వు ఇచ్చింది, అక్టోబరు 31 లోపు పూర్తి చేయమని గడువు పెట్టింది. ఆ చిరునామాలు నమోదు చేసే అధికారం రిజర్వ్ బ్యాంకు నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఒక్కదానికే ఉంది. అది మన హైదరాబాద్‌లో మాసబ్‌ట్యాంక్ దగ్గరే ఉంది. నకిలీ బ్యాంకు సైట్లు పెట్టేవాళ్లకు ఆ తోక దొరకకూడదన్నదే ఉద్దేశం.

ఆ తోక ఉంటే, మీ యాప్ దగ్గర పాత చిరునామా ఉంది, మీ ముందున్నది కొత్తది. రెండూ కలవలేదు కాబట్టి అది నోరు విప్పలేదు. చెడిపోలేదు, దాని పని అది చేసింది. మనం పేజీలో బ్యాంకు గుర్తు, రంగు, మేనేజర్ నవ్వు మొహం చూసి నమ్ముతాం. అది అవేవీ చూడదు, చిరునామా ఒక్కటే చూస్తుంది. బ్యాంకు పేరులో ఒక అక్షరం అటూ ఇటూ మార్చి మోసగాళ్లు పెట్టే పేజీ నా కళ్లద్దాలను దాటిపోవచ్చు, దాన్ని దాటిపోదు. పాస్‌వర్డ్ మేనేజర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం ఇదే. పాస్‌వర్డ్‌లు గుర్తుపెట్టుకోవడం నాకు రెండో స్థానంలోనే.

అందుకని అది నింపనప్పుడు విసుక్కుని కాపీ చేసి అతికించకండి. ఫోనుకు వచ్చిన సందేశంలోని లింకు నొక్కి ఆ పేజీకి వెళ్లారా? అయితే మూసేయండి. బ్యాంకు శాఖలో అతికించిన నోటీసు చూసిగానీ, కొత్త పాస్‌బుక్కు చూసిగానీ చిరునామా నిర్ధారించుకుని, మీ చేత్తో టైపు చేసి వెళ్లండి. నిజమైనదని తేలాక, యాప్‌లో ఆ బ్యాంకు పద్దు తెరిచి కొత్త చిరునామాను చేర్చండి. ఒకే పద్దుకు రెండు చిరునామాలుండవచ్చు. పాతది కొన్నాళ్ల తర్వాత తీసేయండి.

ప్రశ్న: అమ్మా, బస్సులో ఫోను పోయింది. కొత్త ఫోనులో పాస్‌వర్డ్ యాప్ వేసి మాస్టర్ పాస్‌వర్డ్ సరిగ్గానే ఇచ్చాను. “కొత్త పరికరం కాబట్టి మీ ఈమెయిల్‌కు కోడ్ పంపాం” అంది. ఈమెయిల్ పాస్‌వర్డ్ ఆ యాప్‌లోనే ఉంది! ఇప్పుడేం చేయాలి?
— డిగ్రీ విద్యార్థి, తిరుపతి

జవాబు: తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు లాగేసుకున్నావు నాయనా. నీ ఒక్కడికే కాదు, చాలామందికి జరిగింది. బిట్‌వార్డెన్ 2025 నుంచి, రెండంచెల భద్రత (పాస్‌వర్డ్‌తో పాటు రెండో రుజువు కూడా అడిగే ఏర్పాటు) పెట్టుకోనివారు కొత్త పరికరంలో ప్రవేశిస్తే ఈమెయిల్‌కు కోడ్ పంపుతోంది. మంచి పనే. కానీ ఈమెయిల్ తాళంచెవి కూడా అదే పెట్టెలో ఉంటే మనిషి బయటే నిలబడతాడు.

ముందుగా, హాస్టల్‌లోనో ఇంట్లోనో నువ్వు ఆ యాప్ వాడిన కంప్యూటర్ ఏదైనా ఉందా? దానిలో నువ్వు ఇంతకుముందే ప్రవేశించి ఉంటే కొత్త పరికరం లెక్కలోకి రాదు. అక్కడ తెరిచి ఈమెయిల్ పాస్‌వర్డ్ చూసుకో. కంప్యూటర్ లేకపోతే, పాత నంబరుతోనే సిమ్ కార్డు తీసుకుని, ఆ నంబరుకు వచ్చే సందేశంతో ఈమెయిల్ ఖాతాను తిరిగి తెచ్చుకునే దారి చూడు. సిమ్ ఎలాగూ ఈరోజే ఆపించి కొత్తది తీసుకోవాలి.

దారి దొరికాక రెండు పనులు చేయి. ఈమెయిల్ పాస్‌వర్డ్, మాస్టర్ పాస్‌వర్డ్ ఈ రెండూ యాప్ బయట, కాగితం మీద ఉండాలి. ఆ తర్వాత యాప్‌కు రెండంచెల భద్రత పెట్టుకో. అప్పుడు అది, ఆ రెండో అంచె దాటలేక చిక్కుకుంటే వాడుకోవడానికి ఒక రికవరీ కోడ్ ఇస్తుంది. దాన్ని ఫోటో తీసి ఫోనులో దాచుకుంటే ప్రయోజనం సున్నా, ఫోనుతో పాటే పోతుంది. పెన్నుతో రాసి ఇంటి దగ్గర అమ్మకిచ్చి బీరువాలో పెట్టించు. పోయిన ఫోను సంగతి: కంప్యూటర్ నుంచి యాప్ వెబ్‌సైటుకు వెళ్లి, అన్ని పరికరాల్లోనూ ప్రవేశాన్ని రద్దు చేసే మీట నొక్కు. వేలిముద్రతో తాళం పెట్టి ఉంచితే మరీ బెంగపడనక్కర్లేదు.

ప్రశ్న: మాస్టర్ పాస్‌వర్డ్ ఎలా ఉండాలి? మరిచిపోతే కంపెనీ వాళ్లు చెబుతారా?
— గృహిణి, ఖమ్మం

జవాబు: చెప్పరు, చెప్పలేరు. మంచి పాస్‌వర్డ్ మేనేజర్లలో మీ పెట్టె మీ పరికరంలోనే గుప్తలిపిగా మారి వారి సర్వరుకు వెళుతుంది. దాన్ని విప్పే మాట మీ దగ్గరే ఉంటుంది. మరిచిపోతే ఖాళీ పెట్టెతో మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

ఒక పెద్ద అక్షరం, ఒక అంకె, ఒక చుక్కల గుర్తు అంటూ మెలికలు తిప్పిన చిన్న పాస్‌వర్డ్ కన్నా, సంబంధం లేని అయిదు మామూలు మాటల వరుస గట్టిది. 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ అనే ఆయన పాచికలు వేసి మాటలు ఎంచుకునే పద్ధతి ఒకటి చెప్పాడు. అయిదు పాచికలకు 7,776 రకాల పందేలు పడతాయి. అన్ని మాటల జాబితాలోంచి అయిదు మాటలు పాచికలతో తీస్తే, వాటి వరుసలు 2 పక్కన పంతొమ్మిది సున్నాలు పెట్టినంత కన్నా ఎక్కువ. ఇక్కడ కీలకం పాచికలే. మీరే ఆలోచించి ఎంచితే ‘శ్రీ వెంకటేశ’ దగ్గర మొదలై పిల్లల పేర్ల దగ్గర ఆగుతారు. తెలుగు నిఘంటువు తీసి, కళ్లు మూసుకుని అయిదు చోట్ల తెరవండి. రోలు, గొడుగు, పిచ్చుక, సున్నం, వియ్యంకుడు — ఇలా వస్తాయి. (వీటినే పెట్టుకోకండి, పత్రికలో అచ్చయ్యాయి.)

ఒక చిక్కు మన భాషకే ప్రత్యేకం. తెలుగు లిపిలో పెడితే ఏదో ఒకనాడు తెలుగు కీబోర్డు లేని కంప్యూటర్ ముందు చిక్కుకుంటారు. అందుకని ఆంగ్ల అక్షరాల్లో రాయాలి. రాసేటప్పుడు ‘చింత’లో తకు టీ ఒక్కటే వేశామా, పక్కన హెచ్ చేర్చామా? ‘రోలు’లో ఓ ఒకటా రెండా? పెట్టిన రోజు స్పష్టంగానే ఉంటుంది, ఆర్నెల్లకు తేలదు. నా విద్యార్థి ఒకడు ‘గోంగూర’ను పదకొండు రకాలుగా కొట్టి చూశాడు. కాబట్టి అక్షరం అక్షరం విడివిడిగా కాగితం మీద రాసి, పొలం కాగితాలు ఎక్కడుంటే అక్కడ పెట్టండి. మొదటి నెల వేలిముద్ర పెట్టుకోకుండా రోజుకోసారి చేత్తోనే టైపు చేయండి. వేళ్లకు పట్టుబడుతుంది.

ప్రశ్న: అన్నీ ఒకచోట పెడితే ఆ కంపెనీనే దొంగలు దోచుకోరా? ఇంటర్నెట్‌లో పెట్టకుండా నా దగ్గరే ఉంచుకునే మార్గం లేదా?
— ప్రైవేటు ఉద్యోగి, అనంతపురం

జవాబు: దోచుకున్నారు. 2022లో లాస్ట్‌పాస్‌లోకి చొరబడినవాళ్లు వాడకందారుల పెట్టెల నకళ్లు ఎత్తుకుపోయారు. కంపెనీ ఆ మాట డిసెంబరులో బయటపెట్టింది. పాస్‌వర్డ్‌లు గుప్తలిపిలోనే ఉన్నాయి కానీ, ఎవరికి ఏ ఏ సైట్లలో ఖాతాలున్నాయో చెప్పే చిరునామాలు మామూలుగానే ఉన్నాయి. మాస్టర్ పాస్‌వర్డ్ చిన్నదిగా పెట్టుకున్నవారికి అసలు ప్రమాదం. నకలు దొంగ చేతిలో ఉన్నప్పుడు వాడు తీరిగ్గా ఎన్నిసార్లయినా ప్రయత్నించుకోవచ్చు, మూడు తప్పులకు తాళం పడదు. పై ఉత్తరానికి అయిదు మాటలని అంత పట్టుగా రాసింది ఇందుకే.

మీ దగ్గరే ఉంచుకోవాలంటే కీపాస్ ఉంది. 2003 నుంచి ఉన్న ఉచిత ప్రోగ్రాము. పెట్టె మొత్తం ఒక ఫైలు. కంప్యూటర్‌లో కీపాస్ఎక్స్‌సీ, ఆండ్రాయిడ్‌లో కీపాస్‌డీఎక్స్, ఐఫోనులో కీపాసియం — అన్నీ ఆ ఒక్క ఫైలునే తెరుస్తాయి. కానీ ఫైలును ఫోనుకూ కంప్యూటర్‌కూ మధ్య తిప్పే బాధ్యత మీది.

ఆ బాధ్యతలో నేనెలా బోర్లా పడ్డానో వినండి. ముప్పై ఏళ్లు పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పినదాన్ని. ఆ ఫైలును ఆన్‌లైన్ ఫోల్డరులో పెట్టి రెండు చోట్లా తెరిచేదాన్ని. ఒకరోజు కాజీపేటలో రైలెక్కి, దారిలో ఫోనులోనే పింఛను ఖాతా పాస్‌వర్డ్ మార్చాను. ఫైలులో కొత్తది రాసుకునేసరికి సిగ్నల్ పోయింది. ఇంట్లో కంప్యూటర్‌లో పొద్దున తెరిచిన పాత ఫైలు అలాగే ఉంది. రాత్రి వచ్చి దానిలో ఇంకేదో మార్చి భద్రపరిచాను. ఫోల్డరులో ఫైలు రెండయింది, రెండోదాని పేరు పక్కన తేదీతో తోక. తోక ఉన్నది పనికిరానిదనుకుని చెరిపేశాను. కొత్త పాస్‌వర్డ్ అందులోనే ఉంది. పాతది మూడుసార్లు కొట్టి ఖాతాకు తాళం వేయించుకుని, దాన్ని తీయించడానికి రెండుసార్లు ఆఫీసు చుట్టూ తిరిగాను. రెండు ఫైళ్లను కలిపే సదుపాయం కీపాస్ఎక్స్‌సీ మెనూలోనే ఉంది. పాఠం చెప్పేటప్పుడు విద్యార్థులకు చూపించాను కూడా!

కాబట్టి కీపాస్ పెట్టుకుంటే ఒక నియమం పాటించండి. మార్పులు కంప్యూటర్‌లోనే చేయండి, ఫోనులో చూడటానికే తెరవండి. నెలకోసారి ఒక నకలు పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. బిట్‌వార్డెన్ లాంటివి వాడేవారికీ ఆ నకలు అవసరమే, ఎందుకంటే దొంగలు రాకపోయినా దుకాణమే మూసేయవచ్చు. డ్రాప్‌బాక్స్ తన పాస్‌వర్డ్స్ సేవను 2025 అక్టోబరులో మూసేసింది. మైక్రోసాఫ్ట్ ఆథెంటికేటర్ యాప్ పాస్‌వర్డ్‌లు నింపే పనిని అదే ఏడు మానేసింది. గడువు లోపల నకలు తీసుకున్నవారికి ఇబ్బంది లేకపోయింది.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. నాన్నగారికి 74 ఏళ్లు, తెనాలిలో ఒక్కరే. అన్నిటికీ ఒకే పాస్‌వర్డ్, అదీ ఫోను వెనక అట్ట మీద రాసుకున్నారు. ఆయనవన్నీ నా యాప్‌లో పెట్టేసుకుని ఇక్కడి నుంచే చూసుకుందామనుకుంటున్నాను.
— ఒక కూతురు

జవాబు: అమ్మాయీ, ఆయనవి మీ పెట్టెలో కలపకండి. ఆయనకు ఆయన పేరుతోనే ఖాతా తెరిచి, కరెంటు బిల్లు, గ్యాస్, ఫోను రీచార్జి లాంటివి మాత్రం ఇద్దరికీ కనిపించేలా పంచుకోండి. బిట్‌వార్డెన్‌లో ఇద్దరు పంచుకోవడానికి డబ్బు కట్టనక్కర్లేదు. ఆయన ఒకటి మారిస్తే మీకూ మారుతుంది. డబ్బు కట్టే ఖాతాలో ‘అత్యవసర ప్రవేశం’ అని ఒకటుంది. మీరు అడిగాక, ఆయన ముందే పెట్టిన గడువు లోపల కాదనకపోతే ఆయన పెట్టె మీకు తెరుచుకుంటుంది.

అయినా ఓటీపీ తెనాలిలోని ఆ ఫోనుకే వస్తుంది. మీకు తెల్లవారుజామున మూడైతే ఆయన మధ్యాహ్నం భోజనం చేసి కునుకు తీస్తుంటారు. అదలా ఉంచి, బ్యాంకు ఖాతా మాట వేరు. పాస్‌వర్డ్ ఎవరికీ, కూతురికైనా, చెప్పకూడదనే బ్యాంకుల నిబంధన. మీరు ఈసారి వచ్చినప్పుడు శాఖకు వెళ్లి నామినీ సరిగా ఉందో లేదో చూడండి. ఉమ్మడి ఖాతాగా మార్చే వీలుందేమో అడగండి. పాస్‌వర్డ్ తెలిసినంత మాత్రాన చట్టం దృష్టిలో మీకు ఏ హక్కూ రాదు. ఇక ఫోను అట్ట మీది కాగితాన్ని చింపకండి, పాస్‌వర్డ్‌లన్నీ మార్చాక అదే పాత పాస్‌వర్డ్‌తో ఉండనివ్వండి. దొంగకు కాస్త పని కల్పించినట్టుంటుంది.

ప్రశ్న: యూపీఐ పిన్ కూడా యాప్‌లో దాచవచ్చా? నెట్ సెంటర్‌లో యాప్ తెరవవచ్చా?
— నిరుద్యోగి, శ్రీకాకుళం

జవాబు: పిన్ వద్దు, నాలుగో ఆరో అంకెలే, తలలో ఉంచుకోండి. నెట్ సెంటర్‌లోనూ వద్దు. దరఖాస్తు పాస్‌వర్డ్ ఫోనులో చూసి చేత్తో టైపు చేయండి. వచ్చేటప్పుడు లాగౌట్ చేయడం మరవకండి. ఇంటికి వచ్చి ఆ ఒక్క పాస్‌వర్డ్ మార్చేయండి.

ప్రశ్న: నాకు 81 ఏళ్లు. పదకొండు పాస్‌వర్డ్‌లు డైరీలో రాసుకున్నాను. నాకీ యాప్ అవసరమంటారా?
— విశ్రాంత తహసీల్దారు, ఏలూరు

జవాబు: అక్కర్లేదండీ. ఇంట్లో ఉండే డైరీని చూడాలంటే దొంగ ఏలూరు రావాలి. కాకపోతే మీ మనవరాలి పుట్టిన తేదీతో ఉన్నవన్నీ మార్చండి, మీ ఈమెయిల్ పాస్‌వర్డ్‌ను ఇంక దేనికీ వాడకండి. డైరీ ఎక్కడుందో మీ అబ్బాయికి చెప్పి ఉంచండి. ఇంకొక్క విన్నపం. ఉదాహరణకని మీ ఉత్తరంలో రెండు పాస్‌వర్డ్‌లు రాశారు. ఉత్తరం చింపేశాను కానీ పోస్టులో నాలుగు రోజులు తిరిగి వచ్చింది. ముందు ఆ రెండూ మార్చండి.